ఇద్దరికి చాలినంత ఊరు సిద్దిపేట

హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న సిద్దిపేటను దాటిపోని తెలంగాణీయుడు అరుదు. అయినను ఆ పట్టణమున ఒక రాత్రి నిద్రించి, తెల్లవారి లేచి, ఏ పనియు పెట్టుకొనక దాని వీధులలో నడచిన బాటసారియు అంతే అరుదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లింపబోవువారు, పెండ్లి పిలుపులకు పోవువారు, ఉద్యోగపు బదిలీలపై పోవువారు, అందరును బస్సు ఆగిన కొద్ది నిమిషములలో ఒక చాయ త్రాగి, గడియారము చూచుకొని, మరల ఎక్కి కూర్చుండి, సిద్దిపేట మాకు తెలిసిన ఊరే యని చెప్పుచుందురు. బస్సు నిలుచు చోటు తెలియుట ఊరు తెలియుట కాదు. ఈ ఊరిని తీరికగా చూడవలెననియు, అందులోను దంపతులు కలిసి చూడవలెననియు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన దంపతుల విహారములు ఇటీవల ఎట్లున్నవో ఒక్క క్షణము తలచుకొనుడు. ఒకే ఇంట నివసించుచు, ఒకరు ఆఫీసునకును మరొకరు వంటింటికిని, లేక ఇద్దరును ఆఫీసులకే, వేరువేరు వేళల పరుగెత్తుచు, పిల్లల చదువులు, తల్లిదండ్రుల మందులు, నెలవారీ వాయిదాలు తప్ప వేరు ప్రసంగమునకు అవకాశము లేక ఏండ్లు గడపిన ఆలుమగలు, ఎట్టకేలకు నాలుగు దినముల సెలవు సంపాదించుకొని ఊటీకో, మున్నారుకో, డబ్బు గలవారైన విదేశమునకో పోయి, అచ్చటను చూడవలసిన స్థలముల పట్టిక నొకదానిని చేతబట్టుకొని, ఉదయము ఆరు గంటలకు లేచి, జలపాతమువద్ద అరగంట, తోటలో పావుగంట, కొండకొనను ఫోటో దిగుటకు పట్టునంత సేపు గడపి, రాత్రికి మాటలాడుటకు ఓపిక లేక నిద్రపోవుచున్నారు. ఇంటివద్ద లేని తీరిక విహారమునను లేకపోయినచో ఆ విహారమెందులకు? ఇద్దరు మనుష్యులు ఒకరి సమక్షమున మరొకరు సేదదీరవలెనన్న, నడిచి చుట్టిరాదగినంత చిన్న ఊరు, సాయంకాలము కూర్చుండుటకు ఒక నీటియొడ్డు, దగ్గర కూర్చుండి చూడదగిన ఒక చేతిపని, పోయి మ్రొక్కదగిన ఒక దేవుడు, ఆకలికి ఆ నేల పండించిన తిండి, ఇంతకుమించి అక్కరలేదు.

ఈ రహస్యమును గ్రహించిన యాత్రికులు లోకమున లేకపోలేదు. మధ్య అమెరికాలో గ్వాటెమాలా దేశమున ఆంటిగ్వా యను చిన్న నగరమొకటి కలదు. స్పెయిను వారు 1543లో దానిని తమ వలస రాజ్యమునకు రాజధానిగా నెలకొల్పిరి. 1773లో సంభవించిన భయంకర భూకంపము దాని చర్చిలను, మఠములను నేలగూల్చగా, 1776లో రాజధాని అచ్చటినుండి తరలిపోయినది. రాజధాని పోయినను ఊరు పోలేదు. వెనుకబడుటచేతనే అది తన పాత రూపమును నిలుపుకొన్నది; కూలిన గోపురములు కూలినట్లే, రాళ్ళు పరచిన వీధులు పరచినట్లే ఉండగా, 1979లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. దూరదేశముల నుండి దంపతులు అచ్చటికి పోయి దినములకొలది ఏమి చేయుదురన్న, వీధి చివర కనబడు అగ్నిపర్వతములను చూచుచు, అంగడి వీధిలోని మెత్తని పగటి వెలుగులో కాఫీ త్రాగుచు, సమీప గ్రామములలోని మాయా జాతి స్త్రీలు మగ్గపు ఒక కొనను చెట్టునకును మరొక కొనను తమ నడుమునకును కట్టుకొని, ఒడిలోనే బట్ట నేయుచుండగా చూచుచు కూర్చుందురు. ఆ నేతగత్తెలు ధరించు రవికల మీది బొమ్మలను బట్టి వారు ఏ ఊరి స్త్రీలో చెప్పవచ్చునట. సముద్రములు దాటి అంత దూరము పోగలవారు పోవుదురుగాక. ఊరి పేరు వస్త్రము మీద వ్రాసికొన్న అట్టి చిన్న పట్టణము మనకు బస్సు దూరములోనే కలదని మాత్రము నేను చెప్పగలను.

సిద్దిపేట చేరుటకు బస్సులు ఎల్లవేళల నున్నవి. కాని తీరిక గల జంట రైలులో పోవుట మేలు. మనోహరాబాదు నుండి కొత్తపల్లి వరకు తలపెట్టిన రైలుమార్గము గజ్వేలు మీదుగా సిద్దిపేట దాక పూర్తికాగా, 2023 అక్టోబరు 3వ తేదీన సికిందరాబాదుకును సిద్దిపేటకును నడుమ తొలి రైలు నడచినది. ఎన్నో తరముల వారు ఎదురుచూచిన బండి అది. బస్సుకన్న నిదానముగనే పోవును. ఆ నిదానమే మనకు కావలసినది. కిటికీ ప్రక్కన ఎదురెదురుగా కూర్చుండి, వరిమళ్ళు, మక్కచేలు, పత్తిచేలు, నడుమ నడుమ మేకలమందల వలె వెలసిన గుండ్రాళ్ళ గుట్టలు చూచుచు పోవునప్పుడు, ఇంటివద్ద సగములో తెగిపోయిన మాటలెన్నియో మరల అతుకుకొనును.

2016 అక్టోబరు 11వ తేదీన మెదకు జిల్లానుండి విడివడి, వరంగల్లు, కరీంనగరముల భాగములు కొన్ని కలుపుకొని సిద్దిపేట జిల్లా కేంద్రమైనది. ఆనాటినుండి క్రొత్త కట్టడములు, వెడల్పు రోడ్లు పుట్టినవి. అయినను పట్టణమునకు ప్రాణము కోమటి చెరువు. ఒకనాడు ఊరిమురికి చేరి ఉపేక్షితమైన ఆ చెరువునకు కట్ట బలపరచి, కాలిబాటలు వేసి, వేలాడు వంతెన కట్టి, పడవలు పెట్టి, హైదరాబాదు ట్యాంకుబండునకు చిన్న చెల్లెలుగా తీర్చినారు. సాయంకాలము అయిదు దాటిన పిమ్మట ఆ కట్టమీద నడచువారిని చూడవలెను. ఊరి వారందరికిని అది ఉమ్మడి వాకిలి. ముసలి దంపతులు ఒకరి వెనుక నొకరు మౌనముగా నడచుచుందురు. క్రొత్తగా పెండ్లియైన పడుచులు వంతెన నడుమకు వచ్చి, అది ఊగగా భర్త చేయి పట్టుకొని, పట్టుకొన్న చేతిని అవతలి గట్టు చేరిన తరువాతను విడువకుందురు. సద్దుల బతుకమ్మనాడు ఈ గట్టు నిండ తంగేడు, గునుగు పూల గోపురములే. మా ఇంటియామెయు నేనును ఆ కట్టమీద ఒక బల్లపై కూర్చుండి, పొద్దు గ్రుంకి దీపములు వెలుగు వరకు దాదాపు ఏమియు మాటలాడుకొనలేదు. చాలకాలము తరువాత ఆ మౌనములో తొందర లేదు.

కాని సిద్దిపేటకు ప్రసిద్ధి తెచ్చినది నీరు గాదు, నూలు. గొల్లభామ చీర పేరు వినని తెలుగు స్త్రీ ఉండదు. ఆ చీర నేయుటను కన్నులార చూచినవారు మాత్రము వేళ్ళమీద లెక్కింపదగినవారు. నెత్తిన కుండ పెట్టుకొని, నడుము వయ్యారముగా వంచి, ఊరూర పాలు పెరుగు అమ్మబోవు గొల్ల పడుచును చూచి ముచ్చటపడిన ఇచ్చటి పద్మశాలీలు ఆ రూపమును తమ నూలుచీర మీదికి దించినారని చెప్పుకొందురు. దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది గనుక, మరియొక ఊరివారు నేసి సిద్దిపేట గొల్లభామయని అమ్మరాదు.

మేము చూచిన మగ్గము ఒక ఇరుకు ఇంటి ముందుగదిలో నున్నది. గుంటలోనికి కాళ్ళు దించి, తొక్కుడు కఱ్ఱలమీద పాదములుంచి, ఆ యింటి ఇల్లాలు కూర్చుండియుండెను. ప్రక్కన రాట్నము వద్ద ఆమె మగడు కండెలు చుట్టుచుండెను. మేము గడపవద్దనే తటపటాయించుచుండగా ఆమె తలయెత్తి, "కూసో అక్కా, నిలవడితె బొమ్మ ఎట్ల కనవడ్తది?" అని నా భార్యను పిలిచి తన ప్రక్కనే కూర్చుండబెట్టుకొన్నది. నిజమే, నిలుచున్నవారికి పడుగుమీద రంగుదారపు ముడతలు మాత్రమే కనబడును. కూర్చుండి, తల వంచి, కన్ను పడుగు మట్టమునకు దించినప్పుడు గాని గొల్లభామ కనబడదు.

నాడె ఒకమారు ఈ కొననుండి ఆ కొనకు పోవును; అది నేల దారము. వెంటనే ఆమె మునివ్రేళ్ళతో చిన్న రంగుదారమును పడుగుపోగులు కొన్నిటి క్రిందుగా దూర్చి పైకి తీయును. అది గొల్లభామ కుచ్చిళ్ళలో ఒక గీత. ప్రక్కబొమ్మకు మరొక దారము. ఆ ప్రక్కబొమ్మకు వేరొకటి. వరుస యంతయు నిండిన తరువాత పన్నె నొక్కమారు దగ్గరకు కొట్టి, మరల నాడె విసరును. ఇట్లు పాదము మొదలుకొని కుండ వరకు, గీత గీతగా, ఆ పడుచు నూలులోనుండి లేచి నిలుచును. ఒక బొమ్మకు వాడిన రంగులు అన్నియు వ్రేలెడు మేర మించని చోట ఇముడవలెను. ఒక్క పోగు తప్పినచో నడుము మీద మచ్చపడును, లేదా కుండ వంకరపోవును. తప్పు కనబడినప్పుడు ఆమె విసుగుకొనలేదు. దారము మెల్లగా వెనుకకు లాగి, మరల దూర్చినది. మధ్యాహ్నము భోజనపు వేళయైనది గదా, లేతమని నేననగా, నా భార్య, "ఏమండీ, ఆ కుండ పూర్తయ్యేదాకా ఉందాం" అన్నది. ఉంటిమి. ఆ తరువాత నెన్నిమార్లు ఏ చీర చూచినను, అది అంగడిలో మడిచియున్న బట్టగా గాక, గుంటలో దించిన రెండు కాళ్ళుగా, వంగిన మెడగా నాకు కనబడుచున్నది.

ఈ నేల మనుష్యుల రూపములను రంగులలో నిలిపిన చిత్రకారుడు కాపు రాజయ్యయు సిద్దిపేటవాడే. 1925లో జన్మించి 2012లో దివంగతుడైన ఆయన బోనాలు, బతుకమ్మ, పల్లె వృత్తులు, పల్లె స్త్రీలు తన చిత్రములకు వస్తువులుగా గ్రహించి, నకాశీ చిత్రముల బాణీని ఆధునిక చిత్రకళలో ఇముడ్చుకొన్నాడు. ఆ నకాశీ చిత్రములను వాటి పుట్టినింటనే చూడవలెనన్న చేర్యాలకు పోవలెను. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన ఊరది.

చేర్యాలలో నకాశీవారు పటము వ్రాయుటకు ముందు బట్టను సిద్ధము చేయు విధానమే ఒక యజ్ఞము. ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూతమీద పూత పూసి, ఎండబెట్టి, నునుపుచేసిన పిదప గాని కుంచె తాకనీయరు. ఆ తరువాత గీత నేరుగా కుంచెతోనే. నేపథ్యమునకు ఎఱుపు, అది చేర్యాల పటమును వంద పటములలో గుర్తుపట్టించును. చింతగింజల ముద్దయు రంపపు పొట్టును కలిపి చేయు ముఖములు, కొబ్బరిచిప్పలమీద మలచు ముఖములు ఇప్పుడు పట్టణవాసుల గోడలకెక్కినవి. మంచిదే; కళాకారుని ఇంట పొయ్యి వెలుగవలెను గదా. కాని పటము పుట్టినది గోడకొరకు గాదు, కథకొరకు. గజముల కొలది పొడవున చుట్టచుట్టిన పటమును రాత్రి దీపముల వెలుగున వ్రేలాడగట్టి, ఒక్కొక్క గడి విప్పుచు, ఆ యా కులముల పుట్టుపూర్వోత్తరములను గానము చేయు కథకులు వేరువేరుగా నుండిరి. పద్మశాలీలకు కూనపులివారు వచ్చి మార్కండేయ పురాణము చెప్పుదురు. అందు మార్కండేయుని కుమారుడు భావనాఋషి తామరనార తీసి దేవతలకు తొలి వస్త్రము నేసినాడు. సూర్యుని కూతురు భద్రావతి అతని ఇల్లాలు. తాము నేయు ప్రతి గజమునకును మూలపురుషుడు ఒంటివాడు గాక ఒక జంటయని నమ్మిన నేతగాండ్రు, మేము చూచిన ఆ ముందుగదిలో ఒకరు రాట్నమునకును ఒకరు మగ్గమునకును కూర్చుండుటలో ఆశ్చర్యమేమున్నది? మగ్గము ఒక్కరితో నడువదు. ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, అచ్చు అతుకువారు లేక నేయువాని చేయి ఆడదు. దాంపత్యమునకును పనికిని ఇంత దగ్గరి చుట్టరికమును మరియొక వృత్తిలో నేను చూడలేదు.

చేర్యాలకు సమీపముననే కొమురవెల్లి. కొండ గుహలో వెలసిన మల్లన్న మూర్తి మట్టితో చేసినది. ఆయనకు ఇరుప్రక్కల ఇద్దరు దేవేరులు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. సంక్రాంతి మొదలుకొని ఉగాది వరకు ఆదివారము ఆదివారమునకు అచ్చట జాతర. మొదటి వారము పట్నం వారము, తరువాతిది లష్కర్ వారము. జంటనగరములు అన్నియు తరలివచ్చినట్లుండును. శివరాత్రినాడు పెద్దపట్నము వేయుదురు. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపచ్చ పొడి వ్రేళ్ళ సందున జారవిడుచుచు నేలమీద గీయు ఆ రంగుల పట్నమును చూచిన కంటికి, మగ్గము మీదను చేర్యాల బట్టమీదను చూచిన అదే చేయి ఇచ్చటను కనబడును. ఒగ్గు మ్రోగి, డోలు దరువందుకొని, మల్లన్న కేతమ్మను పెండ్లాడిన కథ సాగునప్పుడు నాకొక భావము తోచినది. గొర్రెలమందల నడుమ పుట్టిన గొల్లపిల్లను దేవుడు వలచి, కొండపై తన ప్రక్క నిలుపుకొన్నాడు. అట్టి గొల్లపిల్లనే సిద్దిపేట సాలెవాడు చీరకొంగున నిలిపినాడు. ఈ రెండింటికిని సంబంధమున్నదని నిరూపింపలేను, నిరూపింపబోను. కాని నెత్తిన కుండతో నడచిపోవు శ్రమజీవిని గుడిలోను గుడ్డమీదను పూజనీయురాలిని చేసిన ప్రాంతమును మాత్రము నేను ప్రేమించకుండలేను. తీరిక కోరు దంపతులు జాతర ఆదివారములు విడిచి, వారము నడుమ పోయినచో, మల్లన్న ఎదుట నిలిచి ప్రశాంతముగా దండము పెట్టుకొనవచ్చును.

నీటి విషయము కొంత చెప్పవలెను. కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగముగా చంద్లాపూరు వద్ద 3 టీఎంసీల రంగనాయక సాగరము 2020 ఏప్రిలులో నిండనారంభించినది. నీటి నడుమ నిలిచిన గుట్టయు, దానిచుట్టు తిరుగు కట్టయు ఉదయపు వేళ మిక్కిలి మనోహరముగా నుండును. వానకై ఆకాశము చూచి చూచి కన్నులు కాయలుగాచిన ఈ మెట్టప్రాంతమున అంత నీటిని చూచి ఒక ముసలి రైతు చేతులు జోడించుటను నేను ఎరుగుదును. అదే ఊపిరిలో మరియొక మాటయు చెప్పవలెను: 2022లో ప్రారంభమైన 50 టీఎంసీల మల్లన్న సాగరము క్రింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలగు ఊళ్ళు మునిగిపోయినవి, తాతముత్తాతల ఇండ్లు, చేలు, సమాధులు విడిచి వేలమంది కదలిపోయిరి. ఆ నీటియొడ్డున ఫోటో దిగువారు ఆ ఊళ్ళ పేర్లు ఒక్కమారు తలచుకొనుట ధర్మము.

తిండికై పెద్ద హోటళ్ళు వెదకనక్కరలేదు. బియ్యపుపిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, పచ్చికారము కలిపి, గిన్నె అడుగున వ్రేళ్ళతో ఒత్తి, నడుమ బొక్కలు పెట్టి, నూనె పోసి సన్నని మంటపై కాల్చు సర్వపిండి ఇచ్చటి సాయంకాలపు ఫలహారము. దానిని తొందరపెట్టరాదు, మంట పెంచిన అడుగు మాడును, పైభాగము పచ్చిగనే యుండును. మక్కల కాలమైనచో మక్క గారెలు, సంక్రాంతియైనచో సకినాలు, అన్ని కాలములకును జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఒకే సర్వపిండిని నడిమికి విరిచి ఇద్దరు తినునప్పుడు, కరకరలాడు అంచు ఎవరికి, మెత్తని నడుము ఎవరికి అన్న తగవు వచ్చుట సహజము.

ఈ శీతకాలమున ఏ దంపతులకైన ఒక వారాంతము చిక్కినచో, పట్టిక వ్రాసికొనక, సిద్దిపేటకు పొండు. పగటికి పగలు తిరిగిరాక, కనీసము రెండు రాత్రులు ఉండుడు. మగ్గములున్న ఇంటికి పోయినప్పుడు నిలువబడక కూర్చుండుడు. గొల్లభామ చీర కొనవలెనని మనసైనచో, నేసినవారి వద్దనో, వారి సహకార సంఘమువద్దనో కొనుడు. చెప్పిన వెలకు బేరమాడకుడు. ఆ బొమ్మ నేయగల చేతులు ఇప్పటికే కొద్దియై పోయినవి, వారి పిల్లలు వేరు పనులు వెదకికొనుచున్నారు. కొనువారు వచ్చుచున్నంత కాలమే ఆ మగ్గములు ఆడును.